కూరతోటకు నీళ్లెక్కడివి?

మాఘం చివరికొచ్చేసరికి తెల్లవారుజాము చలి మెత్తబడుతుంది. మామిడి పూత పిందె పట్టడానికి సిద్ధమవుతుంది, వేపచెట్లు పాత ఆకు రాల్చుకుని చిగురు కోసం ఎదురుచూస్తుంటాయి. చలిదేశాల్లో తొలి వసంతం అంటే మంచు కరిగి నేల మెత్తబడే కాలం. మన దగ్గర అది నేల గట్టిపడటం మొదలయ్యే కాలం. అయినా పెరట్లో కూరగాయల పాదు పెట్టడానికి ఇదే అదను. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా గింజ వేస్తే మొక్క ఎండలు ముదరకముందే వేరు లోతుకు దించుకుంటుంది. ఉగాది దాటాక వేసిన గింజ కూడా మొలుస్తుంది కానీ, లేత తీగకు ఏప్రిల్ ఎండ తగిలితే దాని ఎదుగుదల అక్కడితో ఆగిపోతుంది.

సంఘాల్లో లెంటు దినాలు మొదలయ్యేది కూడా దాదాపు ఇప్పుడే. ఆ ఇంగ్లీషు మాటకు మూలం పగళ్లు పొడవయ్యే కాలం, అంటే వసంతం అని భాషావేత్తలు చెబుతారు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ఆదివారానికి 46 రోజులు. బెండ గింజ వేసిన 45 నుంచి 50 రోజుల్లో తొలి కాయ తెగుతుంది. అంటే బూడిద నుదుట పెట్టుకున్న రోజు సాయంత్రం నాటిన బెండ, పునరుత్థాన పండుగ నాటికి కాపుకొస్తుందన్నమాట. ఈ లెక్క చెబితే ఆదివారపు బడి పిల్లలు చాలా ఉత్సాహపడతారు. లెంటు పాటించని సంఘాలవారు కూడా బెండకాయ తింటారు కాబట్టి ఈ లెక్క అందరిదీ. అయితే భస్మ బుధవారం కొన్నేళ్లు ఫిబ్రవరి మొదటి వారంలో, కొన్నేళ్లు మార్చి పదో తేదీ దాకా జరిగి వస్తుంది. ఆలస్యంగా వచ్చిన ఏడు పండుగ కోసం గింజను ఆపవద్దు.

గింజలు కొనడం సులువు. మట్టి తవ్వడం ఒక శనివారం పని. మన పెరటి తోటలు చెడిపోయేది ఈ రెండింటి దగ్గర కాదు. ఫిబ్రవరిలో పచ్చగా లేచిన తోట ఏప్రిల్ నెలాఖరుకు పుల్లలుగా మిగిలిపోయేది నీళ్ల దగ్గరే. కాబట్టి గింజ కొనకముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ తోటకు మే నెలలో నీళ్లెక్కడివి?

ఈ ప్రశ్నను బైబిలు కూడా ఎరుగును. వాగ్దాన దేశం అంచున నిలబెట్టి మోషే ఇశ్రాయేలీయులకు చెప్పిన మాటల్లో కూరతోట ప్రస్తావన ఉంది (ద్వితీయోపదేశ కాండము 11:10, 11). మీరు విడిచివచ్చిన ఐగుప్తులో గింజ చల్లి కాలితో నీరు కట్టుకున్నారు, కూరతోటకు కట్టినట్టే. మీరు వెళ్లే దేశం మాత్రం ఆకాశపు వర్షం తాగే కొండల దేశం అని ఆయన వారికి గుర్తుచేస్తాడు. అంటే మూడు వేల ఏళ్ల కిందటి శ్రోతలకు కూడా కూరతోట అనగానే మనిషి కష్టపడి నీరు కట్టేది అనే తెలుసు. పొలాన్ని వాన చూసుకుంటుంది, కూరతోటను మనిషి చూసుకోవాలి. వాన లేని నెలల్లో తోట వేస్తున్నామంటే ఆ నీళ్లు ఎక్కడినుంచో, ఎవరి వాటా నుంచో వస్తున్నాయని అర్థం.

లేఖనాల్లో కూరతోట పేరుతో జరిగిన ఘోరం ఒకటుంది. యెజ్రెయేలులో నాబోతు ద్రాక్షతోట రాజైన అహాబు నగరును ఆనుకుని ఉంది. ఇల్లు దగ్గర గనుక అది కూరతోటగా పనికొస్తుందని రాజు అడిగాడు. బదులుగా ఇంతకన్నా మంచి తోట ఇస్తాను, లేదంటే వెల ఇస్తాను అన్నాడు. వినడానికి న్యాయమైన బేరమే. నాబోతు మాత్రం పితరుల స్వాస్థ్యాన్ని వదలనన్నాడు. ఆ తర్వాత యెజెబెలు పన్నిన అబద్ధ సాక్ష్యం, నాబోతును రాళ్లతో కొట్టి చంపడం, ఏలీయా ఆ తోటలోనే రాజును నిలదీయడం మనకు తెలిసినవే (1 రాజులు 21). ఈ కథను మనం భూమి కబ్జాలకు ముడిపెట్టి వింటుంటాం. ఒక్కసారి నీళ్లకు ముడిపెట్టి చూడండి. మన పట్టణాల్లో మునిసిపల్ కుళాయి వదిలే గంటసేపు పైపుకు నేరుగా మోటారు బిగించి నీళ్లు లాక్కునే ఇళ్లున్నాయి. అది నిబంధనలకు విరుద్ధమని అందరికీ తెలుసు. వీధి మొదట్లో మోటారు మోగితే వీధి చివరి ఇంట్లో కుళాయి బుస్సుమని గాలి వదులుతుంది. ఆ చివరి ఇంటి తల్లి బిందె పట్టుకుని కూర్చునే ఉంటుంది. అలా లాగిన నీళ్లు మన సంపు నిండి, అక్కడినుంచి గొట్టం ద్వారా మన బీరపాదుకు వెళ్తే ఆ పాదు నాబోతు పొలంలో పెట్టినట్టే. ఆ కాయ కోసి ఆదివారం పాస్టరుగారింటికి పంపినా ఆ సంగతి మారదు.

బోరు ఉన్నవాళ్లు ఇది తమకు వర్తించదనుకోవచ్చు. భూమి అడుగున నీటికి గోడలు లేవు. మార్చిలో మనం గొట్టం వదిలేసి ఊరికే తడిపిన నీరు, మేలో పక్కింటి లోతు తక్కువ బోరులో లేని నీరు కావచ్చు. ఇక ట్యాంకరు నీళ్లు కొనుక్కునే కాలనీల్లో తోటకు మంచినీళ్లు పోయడం డబ్బు లెక్కలో కూడా నిలవదు. పది రూపాయల తోటకూర కట్టకు అంతకు మించిన నీళ్లు పోస్తాం.

అలాగైతే తోట వేయవద్దా అని అడుగుతారు. వేయాలి. మేం చెప్పేది ఒక్కటే: ఇంట్లో ఒకసారి వాడి పారబోసే నీళ్లు ఎన్ని మొక్కల్ని మోయగలవో అన్నే వేద్దాం. తోటను గజాల్లో కొలవకుండా బకెట్లలో కొలుద్దాం.

కొలత పెద్ద పనేం కాదు. సింకు పక్కన పదిహేను లీటర్ల బకెట్టు ఒకటి పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, ఆకుకూరలూ కూరగాయలూ కడిగిన నీళ్లు, రాత్రి తాగగా బిందె అడుగున మిగిలిన నీళ్లు వారం రోజులు అందులో పోయండి. రోజుకు ఎంత నిండిందో గోడ క్యాలెండరు మీద గీత పెట్టండి. మా ఇంట్లో రోజుకు బకెట్టున్నర తేలింది, అంటే ఇరవై రెండు లీటర్లు. ఎదిగిన సొరపాదో బీరపాదో మండు వేసవిలో రోజుకు ఎనిమిది లీటర్ల దాకా తాగుతుంది. రెండు పాదులకు పదహారు పోతే ఆరు లీటర్లు మిగులుతాయి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఆకుకూర మడికి అవి సరిపోతాయి. కాబట్టి మా వంటింటి నీళ్లకు రెండు పాదులు, ఒక చిన్న మడి. అంతకుమించి వేయం. గింజల దుకాణంలో రంగురంగుల ప్యాకెట్లు చూసినప్పుడు ఈ లెక్క నోట్లో పెట్టుకుని నిలబడాలి.

అన్ని వాడిన నీళ్లూ ఒకటి కావు. బియ్యం, పప్పు, కూరలు కడిగినవి ఏ మొక్కకైనా మంచివే. వాటిని నిల్వ పెట్టకుండా ఆ పూటే పోయాలి, లేకపోతే పులిసి వాసన వస్తాయి. ఉప్పు వేసి ఉడికించిన నీళ్లు, ఉప్పు గంజి మాత్రం వద్దు. స్నానపు నీళ్లు అరటికి, మునగకు, కొబ్బరికి పనికొస్తాయి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మీద పోయవద్దు. బట్టల సబ్బు పొడి కలిసిన తొలి నీళ్లలో సోడియం ఎక్కువ. నెలల తరబడి పోస్తే మట్టి బిగుసుకుపోయి నీరు ఇంకనివ్వదు. ఆఖరుసారి జాడించిన నీళ్లయితే అరటి గుంటకు మళ్లించవచ్చు. తాగునీటి ఫిల్టరు పక్క గొట్టం నుంచి పోయే నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా వాటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి. అవి నేల తుడవడానికి, గిన్నెల తొలి కడుగుకు పనికొస్తాయి గానీ తోటకు రోజూ పోయదగినవి కావు. ఏసీ నుంచి బొట్టుబొట్టుగా కారేవి మాత్రం దాదాపు స్వచ్ఛమైనవి. వేసవి రాత్రంతా దాని గొట్టం కింద ఒక డబ్బా పెడితే తెల్లారేసరికి కరివేపాకు మొక్క దాహం తీరుతుంది.

ఇప్పుడు గింజ సంగతి. పాదుకు అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీసి, తీసిన మట్టిలో సగానికి సగం బాగా చివికిన పశువుల ఎరువు కలిపి తిరిగి నింపాలి. పచ్చిపేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలు పడతాయి. వారం రోజులు తడుపుతూ మట్టిని కుదురుకోనిచ్చి, అప్పుడు గింజ పెట్టాలి. సొర, బీర, కాకర గింజల పైపెంకు గట్టిది గనుక ముందు రాత్రి నానబెట్టడం మంచిది. పాదుకు నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచి మిగతావి తీసేయాలి. మొలిచిన మొక్కను పీకేయడానికి చాలామందికి చేయి రాదు. పీకకపోతే నాలుగూ పీలగానే పాకుతాయి.

చోటు విషయంలో ఒక్క మాట: రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి, కానీ పడమటి ఎండకు గోడో చెట్టో అడ్డం ఉంటే మే నెలలో అదే కాపాడుతుంది. డాబా మీద వేసేవారు పాత రంగు డబ్బాలు, బియ్యం సంచులు, పగిలిన బకెట్లు వాడుకోవచ్చు. అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఎర్రమట్టి, చివికిన ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపితే బరువు తగ్గుతుంది, తడి నిలుస్తుంది. ఏప్రిల్ వచ్చాక పైన సగం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టాలి. వల కొనలేకపోతే కొబ్బరి మట్టలు పరచినా అదే పని చేస్తాయి.

మడిలో ఏం వేయాలి? తోటకూర నాలుగు వారాల్లో కోతకొస్తుంది. గోంగూర ఎండను లెక్కచేయదు. తీగ బచ్చలి ఒకసారి నిలదొక్కుకుంటే వేసవంతా ఇస్తూనే ఉంటుంది. కొత్తిమీర, మెంతికూర ఫిబ్రవరిలో ఒక్క కోత ఇచ్చి ఆ తర్వాత వేడికి త్వరగా పూతకొచ్చేస్తాయి. వాటిని మళ్లీ చలికాలానికి వదిలేయాలి. వంగ, టమాట నారు కూడా ఇప్పుడు నాటుతారు కానీ, టమాటకు ఏప్రిల్ వేడికి పూత రాలుతుంది. బకెట్టు లెక్క చూసుకుంటే మేమైతే టమాటను వదిలి గోరుచిక్కుడు వేస్తాం. అది కొద్ది నీటితో బతికే మొక్క. పూసా నవబహార్ అనే రకం తోటల్లో ఎప్పటినుంచో నిలబడింది. బెండలో అర్క అనామిక పల్లాకు తెగులును తట్టుకునేలా రూపొందించిన రకం. అద్దె ఇంటివారికి మునగ గురించి సందేహం ఉంటుంది, చెట్టు కదా అని. తమిళనాడు పెరియకుళంలో తయారైన పీకేయం-1 మునగ గింజతో మొలిచి ఏడాది తిరగకముందే కాపుకొస్తుంది.

అద్దె ఇల్లన్నాం గనుక ఇక్కడ ఆగాలి. సొంతిల్లు కట్టుకున్నాక చూద్దాం, ఎవరి గోడ పక్కనో మనం ఎరువు వేయడమెందుకు అనే మాట విశ్వాసుల ఇళ్లలోనూ వింటుంటాం. క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా ఒక ఉత్తరం రాశాడు. వాళ్లది అద్దె ఇల్లు కూడా కాదు, శత్రువు నేల. త్వరలోనే తిరిగి వెళ్లిపోతామని అక్కడ అబద్ధ ప్రవక్తలు ఊరిస్తున్నారు. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లు పడుతుందని చెప్పి, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు (యిర్మీయా 29). పదకొండు నెలల ఒప్పందం మీద ఉంటున్నవారికి ఇంతకన్నా ఊరట ఏముంది? బెండకు మూడు నెలలు చాలు. ఇల్లు మారేటప్పుడు పాదు వెనకే ఉండిపోతే, మన తర్వాత వచ్చేవారి తొలి వారం కూరకు అది పనికొస్తుంది.

మరో ప్రశ్న ఇంటింటా తేలవలసింది: బకెట్టు ఎవరు మోస్తారు? తోట వేద్దామనే ఉత్సాహం తరచూ ఇంటి యజమానిది. గింజ నాటిన శనివారం ఆయనే పార పడతాడు, ఫోటోలు కూడా తీస్తాడు. ఆ తర్వాతి తొంభై రోజులూ సింకు దగ్గరి బకెట్టు మెట్లెక్కించేది వంటచేసే చేతులే. అప్పటికే ఆ నడుము మీద ఎంత బరువుందో ఆయనకు లెక్క లేదు. ఏదెను తోటను సేద్యపరచి కాయమని దేవుడు చెప్పింది ఆదాముకు. ఆ మాట చెప్పేనాటికి హవ్వ ఇంకా లేదు (ఆదికాండము 2:15). పురుషుల కూడికల్లో ఈ వచనం మీద ప్రసంగాలు అరుదుగా వినిపించడం ఆశ్చర్యం. పొద్దున్నే ఆరింటికి ఒక బకెట్టు, సాయంత్రం ఎండ వాలాక అర బకెట్టు. ఆ పని యజమాని పేరునో, పదోతరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న కొడుకు పేరునో రాసిపెట్టుకుంటే తోట బతుకుతుంది.

పోసిన నీరు నిలిచేలా చూసుకోవడం సగం పొదుపు. పాదు చుట్టూ ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు నాలుగు వేళ్ల మందాన పరిస్తే నేల చల్లగా ఉంటుంది, తడి త్వరగా ఆరదు. మన పెద్దలకు తెలిసిన ఇంకో ఉపాయం కుండ. రంగు వేయని, మెరుగు పెట్టని మట్టికుండను మెడదాకా పాదులో పాతి, నీళ్లు నింపి మూత పెడితే దాని గోడల నుంచి చెమ్మ మెల్లగా వేరుకు చేరుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో కూడా కుండ పక్కన పెట్టిన తీగ మధ్యాహ్నం వాడినా సాయంత్రానికి తేరుకోవడం మేం చూశాం.

పందిరి ఎక్కిన తీగకు పూత మొదలయ్యాక ఒక కంగారు వస్తుంది. పూలన్నీ రాలిపోతున్నాయి, దిష్టి తగిలిందని కొందరు, గింజ మోసమని కొందరు అంటారు. విశ్వాసులం కదా, దిష్టి సంగతి పక్కన పెడదాం. తీగ జాతుల్లో మొదట వచ్చేవి మగపూలు, అవి రాలడానికే వస్తాయి. పది పదిహేను రోజుల తర్వాత, అడుగున వేలెడంత పిందె ఉన్న ఆడపూలు కనిపిస్తాయి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, దోస పూలు ఉదయం. తేనెటీగలు, చిమ్మటలు రాని మూడో అంతస్తు డాబా మీద ఆ వేళకు మనమే వెళ్లి ఒక మగపువ్వు తెంపి దాని పుప్పొడిని ఆడపువ్వు నడిమికి అద్దాలి. మర్నాటికి కాకపోయినా మూడో రోజుకు పిందె లావెక్కడం తెలుస్తుంది. చిన్నపిల్లలకు ఈ పని అప్పగించి చూడండి.

పురుగుల సంగతి క్లుప్తంగా: లేత ఆకులను తినే ఎర్రటి గుమ్మడి పెంకు పురుగుకు తెల్లవారుజామున మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లితే చాలావరకు దూరంగా ఉంటుంది. పేనుబంక, తెల్లదోమకు లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. ఆకు ఈనెలు పసుపెక్కిన బెండ మొక్కను జాలిపడకుండా పీకి దూరంగా పారేయాలి, లేకపోతే తెల్లదోమ ఆ తెగులును పక్క మొక్కకు మోస్తుంది.

వాడిన నీళ్లతో తోట అంటే కొందరికి కొంచెం చిన్నతనంగా తోస్తుంది, లేనివాళ్ల పనిలా. అయిదు రొట్టెలు, రెండు చేపల అద్భుతం జరిగింది కూడా తొలి వసంతంలోనే. పస్కా దగ్గరపడిందని యోహాను రాస్తాడు, జనాన్ని పచ్చిక మీద కూర్చోబెట్టారని మార్కు రాస్తాడు. ఆ దేశంలో వానలు వెనుకబట్టాక ఎండలు ముదిరేలోపు కొద్ది వారాలే గడ్డి అంత పచ్చగా ఉంటుంది. అయిదు వేలమందికి రొట్టె పుట్టించగలిగిన ప్రభువు, అందరూ తృప్తిగా తిన్నాక, ఏదీ వృథా కాకూడదని మిగిలిన ముక్కలు ఏరమన్నాడు (యోహాను 6:12). పన్నెండు గంపలు నిండాయి. అడిగితే ఇంకా పుట్టించగలిగినవాడు ముక్కలు ఏరించాడంటే, దాన్ని లేమి అనలేం.

మిషనరీల్లో మంచి తోటమాలి ఎవరంటే విలియం కేరీ పేరే చెప్పాలి. 1793లో ఈ దేశానికి వచ్చిన ఈ ఒకప్పటి చెప్పులు కుట్టే యువకుడు శ్రీరాంపూర్‌లో లేఖనాలను అనేక భారతీయ భాషల్లోకి అనువదించాడు, అదే ఆవరణలో పెద్ద తోట పెంచాడు. 1820లో వ్యవసాయ, ఉద్యానవన సంఘాన్ని స్థాపించాడు. మన సామర్లకోటలో తోట నడిపి, తెలుగు నేల మొక్కలను శ్రద్ధగా నమోదుచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు మిత్రుడు. రాక్స్‌బర్గ్ మరణించాక ఆయన వృక్షశాస్త్ర గ్రంథాన్ని అచ్చుకు సిద్ధం చేసింది కేరీయే. ఒకసారి ఇంగ్లండు నుంచి ఒక స్నేహితుడు గింజల సంచి పంపాడు. గింజలన్నీ తీసి నాటుకున్నాక, అడుగున మిగిలిన దుమ్మును పారేయకుండా కేరీ ఆ సంచిని తోటలో నీడపట్టున దులిపాడు. కొన్ని రోజులకు అక్కడ ఆయన చిన్ననాటి పొలాల్లో పూసే తెల్లటి డెయిజీ పువ్వు తలెత్తింది. స్వదేశం మళ్లీ చూడకుండానే 1834లో కన్నుమూసిన ఆ మనిషికి, ఖాళీ సంచి దుమ్ములోంచి స్వదేశం పూసింది.

మే నెలలో మన తోటలకు ఇంకో గండం ఉంది: సెలవులు. పిల్లల వేసవి బైబిలు పాఠశాల, అమ్మమ్మగారి ఊరు, పెళ్లిళ్లు, సువార్త మహాసభలు. ఇల్లు తాళం పడితే వాడిన నీళ్లూ ఉండవు, పోసే మనిషీ ఉండడు. నాలుగు రోజులకు తీగ చచ్చిపోతుంది. ఇక్కడే పక్కింటితో పొత్తు పెట్టుకోవాలి. వారి వంటింటి బకెట్టు మన పాదుకు, మన పాదు కాయ వారి వంటింటికి. పొలం అంచులను పూర్తిగా కోయక పేదకు, పరదేశికి వదలమని ధర్మశాస్త్రం చెప్పింది (లేవీయకాండము 19:9, 10). మన పెరళ్లకు అంచులు లేవు, ప్రహరీగోడలే ఉన్నాయి. ఆ గోడ దాటి అవతలికి వేలాడిన కాయ వారిదేనని ముందే నోరారా చెప్పేస్తే, బీరతీగ ఆ మాట బాగా నిలబెడుతుంది. వారి మతం ఏదైనా, మనతో మాటలున్నా లేకపోయినా. కాయల మీద మొదలైన మాటలు కుళాయి దగ్గరి తగాదా కన్నా మంచి చోటుకు వెళ్తాయి.

కోత పండుగ నాడు గుడికి తెచ్చే కానుకల్లో ఇప్పుడు పట్టణ సంఘాల్లో ఎక్కువ భాగం ఉదయమే రైతుబజారులో కొన్నవి. అందులో తప్పేం లేదు. రైతుకు నాలుగు రూపాయలు అందుతాయి. అయినా వేలంలో వంకరగా, చిన్నగా ఉన్న పెరటి సొరకాయ ఒకటి పైకెత్తి పట్టుకున్నప్పుడు సంఘం మొత్తం నవ్వుతూ పాట పెంచడం చూస్తే, దాని వెనక ఎన్ని బకెట్లున్నాయో అందరికీ తెలుసన్నట్టుంటుంది.

జూన్‌లో తొలకరి పడేసరికి తీగ ముసలిదవుతుంది. సూటి రకం గింజ వేసుకున్నవారు, మొదళ్లో కాసిన కాయల్లో నున్నగా, తెగులు లేకుండా ఉన్నదాన్ని ఒకదాన్ని కోయకుండా ముందే గుర్తుపెట్టి వదిలేయాలి. హైబ్రిడ్ గింజ అయితే ఈ శ్రమ వద్దు, దాని పిల్లలు తల్లిని పోలవు. సొరకాయ తీగ మీదే పెంకులా ఎండి, ఊపితే గిలక్కాయలా మోగినప్పుడు కోయాలి. పగలగొట్టి గింజలు తీసి, నీడన ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి, తడి తగలని సీసాలో పోసి, మీద రకం పేరూ నెలా రాసి అటక మీద పెట్టాలి. ఒక్క కాయలో వందల గింజలుంటాయి. వచ్చే ఏడాదికి మనకు ఎనిమిది చాలు. మిగిలినవి చిన్న కాగితం పొట్లాలుగా కట్టి, జనవరి ఆఖరి ఆదివారం ఆరాధన ముగిశాక గుడి వరండాలో ఒక పళ్లెంలో పెట్టవచ్చు, ప్రతి పొట్లం మీదా 'రోజుకు అర బకెట్టు' అని రాసి.